థలసీమియా పాపకు జీన్ ఎడిటింగ్ చేయించవచ్చా? జడ్చర్ల తమ్ముడి నాలుగు ప్రశ్నలకు జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న పూర్తిగా చదివాను. మీ పాపకు ఆరేళ్ళు, థలసీమియా మేజర్ (ఒంట్లో రక్తం సరిగా తయారుకాని పుట్టుక జబ్బు), మూడు వారాలకోసారి జడ్చర్ల నుంచి హైదరాబాద్ తీసుకెళ్ళి రక్తం ఎక్కిస్తున్నారు. జీన్ ఎడిటింగ్‌తో, అంటే కణాల్లోని జన్యువును కత్తిరించి మార్చడంతో, థలసీమియా శాశ్వతంగా పోతుందని ఫోన్లో ఒక వీడియో చూశావు, అది మా పాపకు చేయించొచ్చా అన్నది నీ మొదటి ప్రశ్న. ఈలోగా ఎవరో ఒకాయన పరిచయమై, రెండో బిడ్డను ఐవీఎఫ్‌లో కందురు, పిండంలోనే జీన్ సరిచేయిస్తాం, అడ్వాన్స్ కట్టండి అన్నాడు, నమ్మొచ్చా అన్నది రెండోది. మీ తమ్ముడికి మీ మరదలిని, అంటే మీ ఆవిడ చెల్లెలినే చేయాలని ఇంట్లో మాటలు నడుస్తున్నాయి, చేయొచ్చా అన్నది మూడోది. మీ బావ మాత్రం ఇదంతా దేవుడి పనిలో వేలు పెట్టడమే, రేపు డబ్బున్నోళ్ళు తెల్లగా పొడుగ్గా పిల్లల్ని ఆర్డరిచ్చి కంటారు అంటున్నాడు, అందులో నిజమెంత అన్నది నాలుగోది.

నాది నకిరేకల్. బ్లడ్ బ్యాంకులో టెక్నీషియన్‌గా మొదలుపెట్టి, తర్వాత జన్యు పరీక్షల ల్యాబ్‌కు మారి, ఇప్పుడు ఇలాంటి కుటుంబాలతో కూర్చుని రిపోర్టులు విడమరిచి చెప్పే పని చేస్తున్నాను. డాక్టర్ని కాను, మందులు రాయను. పాప వైద్యం గురించి ఆఖరి మాట మీ హెమటాలజిస్టుదే, అంటే రక్తజబ్బుల డాక్టర్‌దే.

మీ పాప పుట్టిన కొత్తల్లో బాగానే ఉండి, ఐదారు నెలలు దాటాక తెల్లబడిపోయి ఉంటుంది. దాదాపు అందరు తల్లులూ ఇదే చెప్తారు. కారణం ఏమిటంటే కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు వేరే రకం హిమోగ్లోబిన్ ఉంటుంది, దాన్ని ఫీటల్ హిమోగ్లోబిన్ అంటారు. పుట్టాక కొన్ని నెలల్లో శరీరం అది తయారుచేయడం తగ్గించేసి పెద్దవాళ్ళ హిమోగ్లోబిన్‌కు మారుతుంది. ఆ పెద్దవాళ్ళ రకానికి కావలసిన బీటా గ్లోబిన్ జీన్ మీ పాపలో రెండు కాపీలూ చెడిపోయి ఉన్నాయి, ఒకటి నీ నుంచి, ఒకటి మీ ఆవిడ నుంచి. ఫీటల్ హిమోగ్లోబిన్ తయారీని ఆపించే పని బీసీఎల్11ఏ అనే ఇంకో జీన్‌ది. నువ్వు చూసిన వీడియోలోని చికిత్స పేరు క్యాస్‌జెవీ, అది చేసే పని చాలామంది అనుకున్నట్టు చెడిన జీన్‌ను బాగుచేయడం కాదు. రక్తం పుట్టించే మూలకణాల్లో ఈ బీసీఎల్11ఏ పనిచేయకుండా ఒక చోట కత్తిరిస్తారు, దాంతో చిన్నప్పటి హిమోగ్లోబిన్ మళ్ళీ తయారవుతుంది. పుట్టినప్పుడు ఏ హిమోగ్లోబిన్‌తో బతికిందో దానితోనే జీవితమంతా బతకనివ్వడం అన్నమాట. నాకు మాత్రం ఇది ఎన్నిసార్లు చెప్పినా ముచ్చటగానే ఉంటుంది.

కత్తిరించే పనిముట్టు క్రిస్పర్. దాన్ని ఇలా వాడుకోవచ్చని 2012లో చూపించినందుకు జెన్నిఫర్ డౌడ్నా, ఎమాన్యుయెల్ షార్పెంటియే ఇద్దరికీ 2020లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. క్యాస్‌జెవీకి 2023 నవంబర్‌లో బ్రిటన్, డిసెంబర్‌లో సికిల్ సెల్ (ఇంకో హిమోగ్లోబిన్ జబ్బు) కోసం అమెరికా, 2024 జనవరిలో థలసీమియా కోసం కూడా అమెరికా అనుమతి ఇచ్చాయి. ఫలితాలు నిజంగానే బాగున్నాయి. థలసీమియా ట్రయల్లో లెక్కకు వచ్చిన 35 మందిలో 32 మందికి ఏడాదికి పైగా రక్తం ఎక్కించే అవసరం రాలేదు. కాబట్టి వీడియో అబద్ధం కాదు, అందులో చెప్పనివి చాలా ఉన్నాయి, అంతే.

చెప్పనివాటిలో మొదటిది వయసు. ఆ అనుమతులు 12 ఏళ్ళు నిండినవాళ్ళకు ఇచ్చినవి, మీ పాపకు ఆరు. రెండోది ఖర్చు. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు, మన లెక్కలో 18 కోట్లు దాటుతుంది, పైన ఆసుపత్రి ఖర్చు వేరే. మూడోది, దీని గురించి ఎవరూ మాట్లాడరు, అసలు పద్ధతి. ముందు మందులిచ్చి మూలకణాలను ఎముక మజ్జ నుంచి రక్తంలోకి రప్పిస్తారు, మెషిన్ మీద గంటల తరబడి పడుకోబెట్టి వాటిని తీస్తారు, చాలకపోతే మళ్ళీ తీస్తారు. అవి ల్యాబ్‌కు వెళ్ళి ఎడిట్ అయ్యి, పరీక్షలన్నీ దాటి తిరిగి రావడానికి నెలలు పడుతుంది. వచ్చాక వాటికి చోటు చేయడానికి బుసల్ఫాన్ అనే కీమో మందుతో ఒంట్లో ఉన్న పాత మజ్జను ఖాళీ చేస్తారు. జుట్టు ఊడుతుంది, నోరంతా పుండ్లు పడుతుంది, కొన్ని వారాలు ఇన్ఫెక్షన్ భయంతో గదిలోనే ఉంచాలి, కాలేయానికి దెబ్బ తగిలే ప్రమాదం ఉంది, పెద్దయ్యాక పిల్లలు పుట్టకపోయే అవకాశమూ ఉంది. ఎడిటింగ్ అనగానే ఇంజెక్షన్ వేయించుకుని సాయంత్రం బస్సెక్కి ఇంటికి రావడం అనుకునేవాళ్ళు ఎక్కువ. అలా ఒంట్లోకే నేరుగా ఎక్కించే రకం కూడా మొదలైంది. 2025 మేలో అమెరికాలోని ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రి వాళ్ళు సీపీఎస్1 లోపం అనే అరుదైన కాలేయ జబ్బుతో పుట్టిన పసిబిడ్డకు, ఆ ఒక్క బిడ్డ కోసమే ఆరు నెలల్లో తయారుచేసిన ఎడిటింగ్ మందు ఇచ్చామని ప్రకటించారు. కాలేయానికి మందు చేర్చడం తేలిక, మజ్జకు చేర్చడం ఇంకా అంత తేలిక కాలేదు. దాని మీద పని జరుగుతోంది, అది కుదిరితే కీమో బాధ తప్పుతుంది.

మన దగ్గర సంగతి కూడా చెప్తాను. ఢిల్లీలోని జన్యు పరిశోధన సంస్థ ఐజీఐబీ శాస్త్రవేత్తలు సికిల్ సెల్ కోసం సొంతంగా క్రిస్పర్ చికిత్స తయారుచేశారు, బిర్సా ముండా పేరు మీద బిర్సా 101 అని పేరు పెట్టి 2025 నవంబర్‌లో ప్రకటించారు, టెక్నాలజీ సీరం ఇన్‌స్టిట్యూట్‌కు ఇచ్చారు. విదేశీ ధరలో చిన్న వంతుకే ఇవ్వాలన్నది వాళ్ళ లక్ష్యం. అది సికిల్ సెల్‌కు, థలసీమియాకు కాదు, పైగా ప్రకటన వేరు, ఆసుపత్రిలో అందరికీ దొరకడం వేరు. అయినా నాకు ఆశ ఉన్నది ఇటువైపే. 2021లో హైదరాబాద్‌లో ఒక పసివాడికి 16 కోట్ల ఇంజెక్షన్ కోసం దేశమంతా చందాలు వేసింది గుర్తుందా, అది ఎడిటింగ్ కాదు, వేరే రకం జీన్ థెరపీ. చందాలతో ఒక్క బిడ్డకు చేయగలం. దేశంలో ఏటా పదివేలకు పైగా పిల్లలు థలసీమియా మేజర్‌తో పుడుతున్నారని అంచనా, అంతమందికి చందాలు ఎవరు వేస్తారు?

కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు: ఇప్పుడు కాదు. కానీ రేపు ఏ చికిత్స వచ్చినా దానికి పనికొచ్చేలా పాపను ఉంచడం మీ చేతిలో ఉంది. రక్తం ఎక్కించే ముందు హిమోగ్లోబిన్ 9, 9.5 కంటే కిందికి పడనివ్వకండి. "పాప ఆడుకుంటనే ఉంది, ఇంకో వారం ఆగుదాం" అని చాలామంది ఆగుతారు, ఛార్జీలు, కూలీ పోవడం, అన్నీ నాకు తెలుసు, అయినా ఆగొద్దు. రెండోది ఐరన్. ఎక్కించిన ప్రతి యూనిట్‌తో ఐరన్ ఒంట్లో చేరుతుంది, బయటకు పోయే దారి లేదు, గుండెలో కాలేయంలో పేరుకుపోతుంది. ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష, ఐరన్ తగ్గించే మందు, ఈ రెండూ మానితే పదేళ్ళ తర్వాత ఎంత గొప్ప ఎడిటింగ్ వచ్చినా పాప దానికి తట్టుకోలేదు. ఖర్చు కష్టమైతే రాజేంద్రనగర్ దగ్గరి థలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీకి వెళ్ళండి, రక్తం ఎక్కించడానికి డబ్బు తీసుకోరు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో థలసీమియా కూడా ఉంది, సర్టిఫికెట్ చేయించుకోండి.

పాప కోసం మీరు చూసుకోవాల్సినవాటిలో మూడోది ముఖ్యం. ఇప్పటికే నిలదొక్కుకున్న శాశ్వత చికిత్స ఎముక మజ్జ మార్పిడి, దాన్ని ఎడిటింగ్ హడావుడిలో మరిచిపోతున్నారు. సొంత అన్నదమ్ములతోనో అక్కచెల్లెళ్ళతోనో హెచ్ఎల్ఏ (మజ్జ సరిపోతుందో లేదో చెప్పే కణాల గుర్తులు) కలిసి, పాప చిన్నదై, ఐరన్ అదుపులో ఉంటే మంచి సెంటర్లలో పదిమందిలో తొమ్మిదిమంది దాకా బాగుపడుతున్నారు. దీనికి కోల్ ఇండియా వాళ్ళ థలసీమియా బాల్ సేవా యోజన కింద 10 లక్షల దాకా సాయం వస్తుంది, 2017 నుంచి నడుస్తోంది, అర్హతలు ఉంటాయి, మీ డాక్టర్ని అడుగు. పాపకు తోబుట్టువులు లేరు కాబట్టి మీరు రెండో బిడ్డ గురించి ఆలోచిస్తున్నారు, అక్కడే ఆ అడ్వాన్స్ అడిగినాయన దూరాడు.

అతను చెప్పింది అబద్ధం. మెత్తగా చెప్పే అవసరం లేదు. పిండంలో జీన్ ఎడిట్ చేసి ఆ పిండాన్ని గర్భంలో పెట్టడానికి మన దేశంలో అనుమతి లేదు, దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ మార్గదర్శకాలు దాన్ని నిషేధించాయి. ఏ దేశంలోనూ అది ఆసుపత్రిలో దొరికే వైద్యం కాదు. ట్రయల్ అంటున్నాడా, అయితే సీటీఆర్ఐ (దేశంలో జరిగే ట్రయల్స్ నమోదు చేసే చోటు) రిజిస్ట్రేషన్ నంబర్ అడుగు, ఆన్‌లైన్లో ఎవరైనా చూసుకోవచ్చు. ట్రయల్లో పరీక్షిస్తున్న చికిత్సకు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు, అడ్వాన్స్ అడిగాడంటేనే అది ట్రయల్ కాదు. బొడ్డుతాడు రక్తం దాచుకోమని అమ్మే ప్యాకేజీ కూడా వీటితోపాటే వస్తుంది, ముందే చెప్తున్నా, బిడ్డకు పుట్టుకతో జన్యుజబ్బు ఉంటే ఆ బొడ్డుతాడు రక్తంలోనూ అదే జీన్ ఉంటుంది, ఆ బిడ్డకు అది పనికిరాదు.

పిండాన్ని ఎడిట్ చేసి పిల్లల్ని పుట్టించిన పని ప్రపంచంలో, తెలిసినంతవరకు, ఒక్కడే చేశాడు, ఏమైందో విను. 2018 నవంబర్‌లో చైనాలోని షెన్‌జెన్‌లో హే జియాన్‌కుయ్ అనే శాస్త్రవేత్త, కవల ఆడపిల్లలను ఎడిట్ చేసి పుట్టించానని ప్రకటించాడు. తండ్రికి హెచ్ఐవీ ఉంది, పిల్లలకు రాకుండా సీసీఆర్5 అనే జీన్‌ను చెడగొట్టానన్నాడు. వీర్యాన్ని శుద్ధి చేసే పాత పద్ధతితోనే ఆ పిల్లలకు హెచ్ఐవీ రాకుండా చూడొచ్చు, అంటే ఎడిటింగ్ అవసరమే లేదు. పైగా అతను అనుకున్న మార్పు సరిగ్గా రాలేదు, ఒక బిడ్డలో కొన్ని కణాలు మారి కొన్ని మారలేదు. సీసీఆర్5 లేనివాళ్ళకు వెస్ట్ నైల్ వైరస్ సోకితే జబ్బు ముదిరే ప్రమాదం ఎక్కువ. ఆ తర్వాత మూడో బిడ్డ కూడా పుట్టింది. 2019 డిసెంబర్‌లో అతనికి మూడేళ్ళ జైలు, 30 లక్షల యువాన్ల జరిమానా వేశారు. అతని జైలు అయిపోయింది. ఆ పిల్లలకు మాత్రం ఒంట్లో ఏం మారిందో తెలియకుండానే బతుకంతా ఉంది, రేపు వాళ్ళ పిల్లలకూ అది పోవచ్చు.

రోగికి చేసే ఎడిటింగ్‌కూ పిండానికి చేసే ఎడిటింగ్‌కూ తేడా ఇక్కడే ఉంది. గద్వాల వైపు సీడ్ పత్తి వేసే రైతుకు ఇది ఒక్క మాటలో అర్థమవుతుంది: చేనులో ఉన్న మొక్కకు మందు కొడితే ఆ మొక్కకే, విత్తనంలోనే మార్పు పెడితే ఆ విత్తనం ఎక్కడికి పోతే అక్కడికి. క్యాస్‌జెవీ లాంటివి మొదటి రకం, మార్పు రోగి రక్తకణాల్లోనే ఉంటుంది, పిల్లలకు పోదు, తప్పు జరిగినా ఆ ఒక్క మనిషి దగ్గర ఆగుతుంది, ఆ మనిషి ఒప్పుకున్నాకే చేస్తారు. పిండం ఎడిటింగ్‌లో మార్పు ప్రతి కణానికీ, తర్వాతి తరాలకీ పోతుంది, వాళ్ళెవరూ సంతకం పెట్టలేదు. సాంకేతికంగానూ ఇంకా కుదరలేదు. 2020లో న్యూయార్క్ శాస్త్రవేత్తలు పిండాల మీద చేసిన పనిలో, కత్తిరించిన చోట అతుక్కోక ఒక్కోసారి క్రోమోజోమ్ మొత్తమే ఊడిపోయిందని తేలింది. మొదటి రకం కూడా పూర్తిగా భయం లేనిదని నేను అనడం లేదు. కత్తిరింపు వేరే చోట పడొచ్చు, ఆ ఫలితం ఏళ్ళ తర్వాత గానీ బయటపడకపోవచ్చు, అందుకే చేయించుకున్నవాళ్ళను పదిహేనేళ్ళు గమనిస్తారు. 1999లో జెస్సీ గెల్సింగర్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాడు జీన్ థెరపీ ట్రయల్లో చనిపోతే ఆ రంగం మొత్తం ఏళ్ళపాటు వెనక్కి పోయింది.

నా అభిప్రాయం సూటిగా: మీలాంటి జంటకు పిండం ఎడిటింగ్ ప్రమాదకరమే కాదు, అనవసరం కూడా. ఇద్దరూ క్యారియర్లయితే, అంటే చెడిన కాపీ ఒక్కటే ఉన్నవాళ్ళయితే, ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు మేజర్, నాలుగింట మూడు వంతులు మేజర్ కాదు. మంచి పిండం ఎలాగూ ఉంటుంది, అది ఏదో తెలుసుకుంటే చాలు. మామూలుగా గర్భం వచ్చాక 11 నుంచి 13 వారాల మధ్య మాయ ముక్క తీసి డీఎన్ఏ పరీక్ష చేస్తారు, అందుకు ముందే మీ ఇద్దరి మ్యుటేషన్లు, అంటే జీన్‌లో ఉన్న తప్పులు, ఏమిటో తెలిసి ఉండాలి, గర్భం వచ్చాక పరిగెత్తితే టైం చాలదు. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి జెనెటిక్స్ విభాగానికి ఇప్పుడే వెళ్ళండి. లేదంటే ఐవీఎఫ్‌లో పిండాలను పరీక్షించి జబ్బు లేనిది పెట్టించుకోవచ్చు, ఖర్చు లక్షల్లో, ఒక్కసారికి నిలవకపోవచ్చు. ఐవీఎఫ్ లాంటి పద్ధతుల మీద తెచ్చిన 2021 ఏఆర్‌టీ చట్టం దీన్ని తెలిసిన జన్యుజబ్బులకు మాత్రమే ఒప్పుకుంటుంది. బహుశా ఆ ఏజెంటు ఈ పరీక్షనే ఎడిటింగ్ అని పేరు మార్చి అమ్ముతున్నాడు.

రెండో బిడ్డ మజ్జ పెద్ద పాపకు కలవాలనీ కోరుకుంటారు, సహజమే. లెక్క ఇది: మేజర్ కాకపోవడానికి నాలుగింట మూడు, హెచ్ఎల్ఏ కలవడానికి నాలుగింట ఒకటి, రెండూ కలిసి రావడానికి పదహారింట మూడు వంతులే. పిండం దశలోనే రెండూ చూసి ఎంచుకున్న బిడ్డ మజ్జతో అన్నకు థలసీమియా తగ్గించిన సంగతి 2020లో అహ్మదాబాద్‌లో జరిగింది. నేను అది తప్పనను. కానీ ఆ బిడ్డ కలవకుండా పుడితే "నువ్వెందుకు పుట్టావే" అన్న చూపు ఇంట్లో పడకూడదు, దానికి మీ ఇద్దరూ, ముఖ్యంగా మీ అమ్మానాన్న సిద్ధమేనా అన్నది ముందే కూర్చుని మాట్లాడుకోవాలి.

మీ బావ మాటకొస్తాను. దేవుడి పనిలో వేలు పెట్టడం అంటే, మూడు వారాలకోసారి ముక్కూమొహం తెలియని మనిషి రక్తం పాపకు ఎక్కించడం కూడా అంతే కదా, దానికి ఎవరూ అడ్డు చెప్పరు. ఆ వాదన దగ్గర నేను ఎక్కువసేపు ఆగను. కానీ ఆయన రెండో మాట, తెల్లగా పొడుగ్గా ఆర్డరివ్వడం, దాన్ని నవ్వి కొట్టిపారేయలేం. పొడవు వరకు భయం లేదు. 2022లో 54 లక్షల మంది డీఎన్ఏ చూస్తే పొడవుతో సంబంధం ఉన్న చోట్లు 12,000 పైగా తేలాయి, అన్నిటినీ ఎవడు కత్తిరిస్తాడు. తెలివితేటలైతే ఇంకా చిక్కు. తెలుపు అలా కాదు. ఎస్ఎల్‌సీ24ఏ5 అనే ఒక్క జీన్‌లోని ఒక్క అక్షరం తేడాకు చర్మం రంగు మీద చాలా ప్రభావం ఉందని, మన దేశపు జనంలో కూడా అది కనిపిస్తుందని హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్ళే చూపించారు. పెళ్ళిచూపుల్లో పిల్ల రంగు గురించి మాట్లాడుకునే మన ఊళ్ళల్లో రేపు ఎవడైనా దీన్ని అమ్మకానికి పెడితే కొనేవాళ్ళు ఉండరా? స్కానింగ్ వచ్చినప్పుడు కూడా బిడ్డ ఎదుగుదల చూడటానికే అన్నారు, దాన్ని ఆడపిల్లని తెలుసుకోవడానికి ఎలా వాడారో చూశాం, 1994లో పీసీపీఎన్‌డీటీ చట్టం తెచ్చినా ఇప్పటికీ చాటుగా చెప్పే సెంటర్ల మీద దాడులు జరుగుతూనే ఉన్నాయి. పరికరం ఎక్కడిదైనా, ఎవరి ఇంట్లోకి వస్తే ఆ ఇంటి పద్ధతులే నేర్చుకుంటుంది. నా భయం సూపర్‌మ్యాన్ పిల్లల గురించి కాదు, కోడలి మీద పడే ఒత్తిడి గురించి.

అది ఎలా పడుతుందో చెప్తాను. ఒక కౌన్సెలింగ్‌లో అత్తగారు వచ్చీ రాగానే "మా వంశంల ఎవ్వలికి లేదు సార్, ఈ పిల్ల తెచ్చిన రోగం" అంది. కొడుకు, కోడలు ఇద్దరి హెచ్‌బీఏ2 (క్యారియర్‌ను పట్టిచ్చే ఒక రకం హిమోగ్లోబిన్ శాతం) రిపోర్టులు బల్ల మీద పక్కపక్కన పెట్టాను, ఇద్దరిదీ 5 దాటింది, మూడున్నర దాటితేనే క్యారియర్ కింద చూస్తాం. అత్తగారేమో కొడుకు కాగితాన్ని వేలితో పక్కకు జరిపి, కోడలి కాగితం మీదే చూపు నిలిపి, "మరి గిదేంది" అని అడిగింది. పక్కన కొడుకు ఉలకలేదు పలకలేదు. ఆ ఇంట్లోకి పిండం ఎడిటింగ్ వస్తే ఎవరి కడుపు మీద ఎవరి ఇష్టం నడుస్తుందో వేరే చెప్పాలా.

ఇంకో భయం సంతకం. మన దగ్గర ట్రయల్స్ వస్తాయి, రావాలి కూడా. కానీ కన్సెంట్ ఫారం పేజీలకు పేజీలు, తెలుగులో ఇచ్చినా మనిషి మాట్లాడే తెలుగు కాదు. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టులో గిరిజన హాస్టళ్ళ ఆడపిల్లలకు చాలాచోట్ల తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు చేశారు. 2010లో ప్రభుత్వం దాన్ని ఆపించింది, 2013లో పార్లమెంటరీ కమిటీ గట్టిగా తప్పుపట్టింది. ఆ మధ్యలో జరిగిన మరణాలకు టీకా కారణమని తేలలేదు, అది వేరే విషయం, అడగకుండా చేయడం మాత్రం తప్పే. రేపు నల్లమల చెంచు పెంటల్లోనో దేవరకొండ తండాల్లోనో జీన్ థెరపీ ట్రయల్ అంటూ ఎవరైనా వస్తే, కీమో వల్ల పిల్లలు పుట్టకపోవచ్చు అన్న మాట వాళ్ళ భాషలో, తొందరపెట్టకుండా, కాదనే అవకాశం ఇచ్చి చెప్పాలి. మీరు కూడా ఎప్పుడైనా ట్రయల్‌కు ఒప్పుకుంటే ఫారం ఇంటికి తీసుకెళ్ళండి. ఇవ్వం అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

మర్రిగూడ నుంచి ఒకాయన నీ ప్రశ్న కిందే ఫ్లోరోసిస్‌కు ఎడిటింగ్ ఉందా అని అడిగాడు. అన్నా, అది జన్యుజబ్బు కాదు, బోరు నీళ్ళల్లో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే వచ్చేది. దానికి మందు మంచినీళ్ళే.

నువ్వు "మాది మేనరికం కూడా కాదు, మరి ఎట్లొచ్చింది" అని రాశావు. మేనరికంలో ఒకే తాత నుంచి అదే చెడు కాపీ రెండు వైపులా వచ్చే అవకాశం పెరుగుతుంది, నిజమే, కానీ మేనరికం కాకపోతే రాదని కాదు. దేశంలో నూటికి ముగ్గురు నలుగురు బీటా థలసీమియా క్యారియర్లు, పైగా మనం తరతరాలుగా కులంలోనే చేసుకుంటున్నాం, కాబట్టి చుట్టరికం లేదనుకున్న ఇద్దరిలో కూడా అదే మ్యుటేషన్ ఉండొచ్చు. సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్ గారి బృందం ఈ విషయం మీద పని చేసింది. క్యారియర్‌కు జబ్బు ఉండదు, కొంచెం రక్తం తక్కువ అంటారు, ఏళ్ళ తరబడి ఐరన్ మాత్రలు మింగిస్తారు, అసలు సంగతి ఎవరూ చూడరు. మహబూబ్‌నగర్ జిల్లాలో గర్భిణులందరికీ హెచ్‌బీఏ2 పరీక్ష చేయాలని థలసీమియా సొసైటీ వాళ్ళు మొదలుపెట్టిన కార్యక్రమం లాంటివి, నా దృష్టిలో, 18 కోట్ల మందు కంటే ఎక్కువ మంది పిల్లలను కాపాడతాయి. దాని గురించి మాత్రం ఎవరూ వీడియోలు చేయరు.

ఇక మీ తమ్ముడు, మరదలు. నువ్వు క్యారియర్, మీ ఆవిడ క్యారియర్, కాబట్టి మీ తమ్ముడు క్యారియర్ కావడానికి సగం అవకాశం, మరదలికీ సగం. ఇద్దరూ అయితేనే సమస్య. మామూలు రక్తపరీక్షతోపాటు, హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూసే హెచ్‌పీఎల్‌సీ చేయిస్తే తెలిసిపోతుంది, ఖర్చు పెద్దగా ఉండదు. ఐరన్ బాగా తక్కువున్నవాళ్ళలో హెచ్‌బీఏ2 కాస్త తగ్గి కనిపిస్తుంది, అందుకని అంచు మీద అంకె వస్తే డీఎన్ఏ పరీక్షకు వెళ్ళాలి. ఇద్దరూ క్యారియర్లని తేలినా పెళ్ళి చేసుకోకూడదని చట్టమేమీ లేదు, తెలిసి చేసుకుని, గర్భం రాకముందే ఇద్దరి మ్యుటేషన్లు తెలుసుకుని, గర్భం వచ్చిన మొదటి వారాల్లోనే పరీక్షకు వస్తే సరిపోతుంది. ఒక్కటి మాత్రం జాగ్రత్త. అమ్మాయి రక్తం ముందు తీయించి, క్యారియర్ అని రాగానే సంబంధం వద్దనుకుంటే ఆ మాట ఊళ్ళో ఆగదు, ఆ పిల్లకు ఇంకో సంబంధం రావడం కష్టమవుతుంది. అందుకని ముందు మీ తమ్ముడిది చేయించు. అతనిది నార్మల్ వస్తే ఈ పెళ్ళికి మరదలిని పరీక్షకు పిలవాల్సిన అవసరమే లేదు.